రాయపూర్‌లో నేను పరుగెత్తని పరుగు

రాయపూర్ వెళ్లొచ్చానని చెబితే మా విశాఖలో ఎవరైనా ముందుగా అడిగే మాట, "ఎవరి పెళ్లి?" అని. మా వైపు నుంచి అక్కడికి చుట్టాల కోసమే వెళతారు. రైల్వే పనికో, ఇనుప ఫ్యాక్టరీ పనికో వెళ్లి అక్కడే స్థిరపడినవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంటికొకరైనా ఉంటారు. నేను మాత్రం మా కుక్కతో పరుగు పోటీకి వెళ్లాను. ఈ ముక్క చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో ఒక రకమైన జాలి కనిపిస్తుంది. నాకది అలవాటైపోయింది, మీరూ మొహమాటపడక్కర్లేదు.

కుక్క పేరు గవ్వ. భీమిలి ఇసుకలో పిల్లగా దొరికింది. జాతీ గీతీ లేని గోధుమరంగు ఊరకుక్క. ఒక్కచోట కుదురుగా ఉండలేని దాని పిచ్చి చూసి, అజిలిటీ అనే ఆటలో దింపాను. మైదానంలో అడ్డకర్రలు, గుడ్డ సొరంగం, ఊగే బల్ల, వరసగా పాతిన కర్రలు ఉంటాయి. చెప్పిన వరుసలో కుక్క వాటన్నిటినీ దాటాలి. మామూలుగా మనిషి పక్కనే పరుగెడుతూ దారి చూపిస్తాడు. మెడకి తాడు ఉండదు, కుక్కని తాకకూడదు, బిస్కెట్ చూపించకూడదు. మన దగ్గర ఉండేవి నోరూ చేతులే. ఆరేళ్లు ఇలా పక్కపక్కనే పరుగెత్తాం. ఆ ఆరేళ్లలో ఒక్కసారి కూడా తప్పు లేకుండా పూర్తిచేయలేదు.

ఈ పోటీకి ఎనిమిదేళ్లు నిండిన కుక్కలను రానివ్వరు. గవ్వకి వచ్చే నెలతో నిండుతాయి. అంటే మా ఇద్దరికీ ఇదే ఆఖరిది. సరిగ్గా ఆ సమయానికి నా ఎడమకాలు మొరాయించింది. పిక్కకు ముందువైపు ఉండే ఎముక వెంబడి రెండు నెలలుగా నొప్పి. మా వీధి చివర ఎముకల డాక్టరు నా బూట్లు తిరగేసి చూసి, "కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తారు, నలభై ఆరేళ్లు, మేడ మీద సిమెంటు మీద గెంతుతారు. ఇంకేం చెప్పమంటారు?" అన్నాడు. తర్వాత కొంచెం మెత్తబడి ఒక పరీక్ష నేర్పాడు. వేలితో ఎముక వెంబడి నొక్కుకుంటూ వెళ్లాలి. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంటే విశ్రాంతితో పోతుంది. ఒక్కచోట మాత్రం సూదిలా పొడిస్తే ఎముక చిట్లడం మొదలైందేమో, పరుగు అక్కడితో ఆపేయాలి. ఆ రోజు నాకు జానెడు మేర నొప్పి ఉంది. జానెడే కదా అని టికెట్ తీసుకున్నాను.

బీర్‌గావ్: మాట్లాడుకోని మొగుడూ పెళ్లాలు

రైలు తెల్లవారాక రాయపూర్ చేరింది. గార్డు పెట్టెలోంచి దిగిన గవ్వ నా వంక చూడలేదు. స్టేషన్ బయట ఒక స్తంభాన్నీ, ఒక పూల బండినీ వాసన చూసి, అప్పుడు వచ్చి నా మోకాలికి తల ఆనించింది. క్షమించిందని అర్థం.

మా పైడమ్మ పిన్ని ఇల్లు బీర్‌గావ్‌లో, ఉర్లా ఫ్యాక్టరీల పక్కన. దూరంగా పొగగొట్టాలు, వాటి మీదుగా వచ్చే ఎండ పసుపు నీళ్లలా ఉంది. ఆరేసిన బట్టల మీద, తులసి ఆకుల మీద, నీళ్ల బిందె మూత మీద సన్నని నల్లపొడి. పిన్ని వాకిలి రోజుకి మూడుసార్లు తుడుస్తుంది. ముగ్గు మాత్రం తెల్లవారగానే వేస్తుంది, పొడి కింద అది మధ్యాహ్నానికి మాసిపోతుందని తెలిసినా.

"ఏటే నీలూ, కుక్కతో పరిగెత్తడానికి ఇంత దూరం వచ్చినావా? మా గల్లీలో కుక్కలు రోజూ ఫ్రీగా పరిగెట్టిస్తాయి!" అని నవ్వింది పిన్ని. ఇక్కడికొచ్చి ముప్ఫై అయిదేళ్లయినా పిన్ని పలుకులోంచి పలాస పోలేదు. పైన హిందీ చేరింది, అంతే.

టిఫినుకి ఫరా పెట్టింది. బియ్యప్పిండీ అన్నమూ కలిపి వేళ్లలా చుట్టి, ఆవిరి మీద ఉడికించి, ఆవాలు నువ్వులు తాలింపు వేస్తారు. మన ఆవిరి కుడుముకి దగ్గరి చుట్టం. టమాటా పచ్చడితో ఎనిమిది తిన్నాను. లెక్క పిన్నిదే, నాది కాదు.

ఆ ఇంట్లో నన్ను ఇబ్బంది పెట్టింది ఒక్కటే. పిన్నీ బాబాయీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. బాబాయి మంచం మీద కూర్చుని, చూపుడు వేలు కిందికి పెట్టి గిరగిరా తిప్పాడు. పిన్ని వంటింట్లోంచే చూసి గ్లాసులో టీ పోసింది. ఆయన పిడికిలి ఎత్తాడు. ఆవిడ పోయడం ఆపింది. ఒక్క మాట లేదు. నేను వచ్చినందుకే గొడవపడ్డారేమోనని సంచి సర్దుకునే ఆలోచనలో పడ్డాను. మధ్యాహ్నం ఉండబట్టలేక, "మీ ఇద్దరికీ ఏమైంది పిన్నీ?" అని అడిగేశాను.

పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓలమ్మా! గొడవేటి? మీ బాబాయ్ ఫ్యాక్టరీలో క్రేన్‌కి సిగ్నల్ ఇచ్చేవోడు కాదేటే. ముప్ఫై ఏళ్లు ఆ ధన్‌ధన్‌లో ఉన్నాక సెవులేం మిగుల్తాయి? అరిసి సెప్పడం కన్నా ఇదే ఆరామ్. పిల్లలు కూడా ఇలాగే పెరిగారు. కిందికి వేలు తిప్పితే వడ్డించడం, పిడికిలి ఎత్తితే బస్."

ఎత్తైన కొట్టాంలో టన్నుల ఇనుము గాల్లో తేలుతుంటే కింద నిలబడి చేతులతో దాన్ని నడిపించిన మనిషి, ఇప్పుడు ఆ చేతులతో కంచంలో పప్పు వడ్డించుకుంటున్నాడు. మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర కూర్చుని వాళ్లిద్దరి చేతులు చూస్తూ ఉండిపోయాను. ఎవరికైనా ఒక మనిషితో అంత కాలం గడిపే అదృష్టం ఉండాలనిపించింది.

తేలీబాంధా గట్టు: రంగులేని గోలా

నా కాలు సంగతి తెలిసి పిన్ని పక్కింటి చంపాబాయిని పిలిచింది. చంపాబాయి ఛత్తీస్‌గఢీ ఆవిడ, చేతిలో గుప్పెడు ఆకులతో వచ్చింది. "నిర్గుండీ," అంది. వాసన చూస్తే మన వావిలాకే! మా అమ్మ బాలింతల స్నానానికి కాచే ఆకు. పేరు మారినా అదే ఘాటు. ఇద్దరూ కలిసి నా కాలికి కాపడం పెట్టారు. డాక్టరేమో ఐసు పెట్టమన్నాడని గొణిగాను. "ఐసు బజార్లో చేపలకి పెడతారు, మనుసుల కాళ్లకి కాదు," అని పిన్ని నోరు మూయించింది.

అందుకే మర్నాడు సాయంత్రం, గవ్వని తిప్పుతానని చెప్పి, తేలీబాంధా చెరువు గట్టుకి పారిపోయాను. అక్కడ నీటి పక్కన జనం తీరికగా నడుస్తారు. మన బీచ్ రోడ్డులో అలలకి పోటీగా అరుస్తాం కదా, ఇక్కడ నీరు కదలదు, కాబట్టి మనుషులూ మెల్లగా మాట్లాడుకుంటారనిపించింది. గోలా బండి దగ్గర ఆగాను. ఇరవై రూపాయలు. బండి ఆయన తురిమిన ఐసు ముద్దచేసి, "కౌన్ సా రంగ్?" అని సీసాలు చూపించాడు.

రంగు వద్దన్నాను. చక్కెర పాకం వద్దన్నాను. పుల్ల కూడా వద్దన్నాను. ఆయన నా వంక అనుమానంగా చూశాడు. నేను గట్టు మీద కూర్చుని, సల్వారు పైకి లాగి, ఆ ముద్దని చేతిరుమాల్లో చుట్టి ఎముక మీద ఆనించుకున్నాను. ఆయన సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కాసేపటికి బండి వదిలి వచ్చి ఇంకో ముద్ద ఇచ్చి, డబ్బులు తీసుకోలేదు. తన భార్యకీ మోకాళ్లు నొప్పులట.

చల్లదనానికి కాలు మొద్దుబారింది. నీటి మీద దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి. గవ్వ నా ఒళ్లో గడ్డం పెట్టి, కారిన ఐసు నాకుతోంది. ఆ క్షణం ఇంకేం వద్దనిపించింది. మొద్దు వదిలాక, ఊరికే, అలవాటుగా, వేలితో ఎముక వెంబడి నొక్కుకుంటూ వచ్చాను.

సగం దూరంలో ఒక్కచోట సూది దిగింది.

చేయి తీసి మళ్లీ నొక్కాను. అదే చోటు, అదే పోటు. పైనా కిందా ఏమీ లేదు. నాకు భయం వేసింది, దాచడమెందుకు. ఎముక చిట్లుతుందేమోనన్న భయం కొంచెమే. ఎల్లుండి గవ్వని మైదానం దాకా తీసుకెళ్లి, పరుగెత్తించకుండా వెనక్కి తెచ్చేస్తానేమోనన్న భయం ఎక్కువ. దానికేం తెలుసు ఇది ఆఖరిదని? తెలిసింది నాకే. అందుకే ఎవరికీ చెప్పకూడదని, కాలికి గట్టిగా గుడ్డ కట్టుకుని పరుగెత్తేయాలని అక్కడే నిర్ణయించుకున్నాను. మొండితనంలో నన్ను మించినవాళ్లు మా ఇంట్లో లేరు.

ఉర్లా వైపు ఖాళీ జాగా: చేతుల పని

శనివారం ఉదయం బాబాయి ఉర్లా వైపున్న ఒక ఖాళీ జాగాకి తీసుకెళ్లాడు. ఇటుకల మీద వెదురు బొంగులు పెట్టి నేను ఆరు అడ్డంకులు కట్టాను. బాబాయి మోదుగ చెట్టు కింద కూర్చున్నాడు. చెట్టుకి ఆకు లేదు, మొత్తం ఎర్రటి పువ్వే. ఆయన బనీను మీద రాలుతుంటే దులుపుకోవడం లేదు.

రెండు పరుగులు పరుగెత్తాను. రెండోదానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గవ్వ రెండుసార్లూ మూడో బొంగు దగ్గర తప్పుదారి పట్టింది. మూడోసారి మొదలుపెట్టాను. రెండో అడ్డంకి దాటాక నేను కుంటుతూ వెనకబడ్డాను. గవ్వ ఒక్క క్షణం ఆగి అటూ ఇటూ చూసింది. ఆ తర్వాత నా వైపు రాకుండా, మూడోది దాటి, నాలుగోదానివైపు తిరిగి, అదీ దాటేసింది.

నేను ఒక్క మాటా అనలేదు, చేయి ఎత్తలేదు. వెనక్కి తిరిగి చూస్తే, చెట్టు కింద బాబాయి లేచి నిలబడి ఉన్నాడు. కుడి చేయి చాచి అయిదో బొంగువైపు చూపిస్తున్నాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు, ఎదురుగా ఏదో కదులుతుంటే ఆయన చేయి ఊరుకోలేదు. గవ్వ అయిదోది దాటింది. ఆయన పిడికిలి బిగించి ఎత్తాడు. గవ్వ ఠక్కున ఆగి ఆయన్నే చూస్తూ నిలబడింది.

నాకు కడుపు మండింది. ఆరేళ్లు స్నానాలు చేయించింది నేను, రాత్రుళ్లు ఉరుములొస్తే ఒళ్లో పెట్టుకుంది నేను. రెండు రోజుల పరిచయానికి ఈ కుక్క ఆయన మాట వింటుందా!

బాబాయి నెమ్మదిగా నడిచి వచ్చి నా కాలివైపు చూశాడు. "ఎంత నొప్పి?" అన్నాడు. చెవులు వినపడని మనిషి గనక గట్టిగానే అన్నాడు.

"కొంచెమే బాబాయ్."

"నీ మొకం సూత్తన్నాన్నే. నాకు ఇనపడదు గానీ కనపడుద్ది." పక్కనున్న ఇటుకల మీద కూర్చున్నాడు. "సిగ్నల్ ఇచ్చేవోడు లోడుతో పాటు పరిగెత్తడు తల్లీ. పరిగెడితే సెయ్యి ఊగుద్ది. పైన డ్రైవరుకి గల్తీ సమజవుద్ది. నువ్వు పరిగెట్టినంతసేపూ నీ సేతులు ఈగలు తోలినట్టున్నాయి. పాపం అది ఏది సైగో ఏది ఊపో తెలక బుర్ర తినేసుకుంటంది."

"నేను పక్కన లేకపోతే అది నన్ను వెతుక్కుంటుంది," ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా అన్నాను.

"ఎతుక్కోనీ. దొరికేసోట ఉండు, సాలు."

తర్వాత ఆయన తన పని నాకు నేర్పాడు. అన్నీ కనిపించే ఒక్క చోటు చూసుకుని నిలబడాలి. ఒకసారికి ఒకటే సైగ. లోడు గోడ దాకా వెళ్లాక మలుపు చూపిస్తే లాభం లేదు, ముందే చూపించాలి. అది కదిలేదాకా చేయి దించకూడదు. ఎప్పుడూ వెనక్కి నడవకూడదు. ఆ చివరిదానికి కారణం కూడా చెప్పాడు. "నా జతగాడు ఒకడు ఎనక్కి నడిసాడు. లోడు మీద జ్యాస, కాళ్ల కింద సూడలేదు. గుంటలో పడ్డాడు. రెండు కాళ్లూ పోయాయి. నువ్వూ ఆడి లాగే ఉన్నావు, దాని మీద జ్యాసలో నీ కాలు మర్సిపోతన్నావు."

అప్పుడు ఏడ్చాను. ఆ ఒక్క చుక్క నొప్పి సంగతి చెప్పేశాను. బాబాయి పిన్నికి చెప్పనని మాటిచ్చి, ఆ మధ్యాహ్నమే చెప్పేశాడు. చేతులతోనే. పిన్ని అట్లకాడ పట్టుకుని బయటికొచ్చి, పరుగెత్తితే ఆ కాలు తనే విరగ్గొడతానంది.

ఇంటికెళ్లేలోగా, ఆ ఉదయమంతా నేను నిలబడే సాధన చేశాం. మొదటి మూడుసార్లూ గవ్వ సగంలో తిరిగొచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. నాలుగోసారి నాలుగు బొంగులు దాటింది. ఎండ నెత్తికెక్కేసరికి ఆరూ దాటి, చివర నిలబడి, దూరం నుంచి నన్ను చూసింది. మా ఇద్దరి మధ్య అంత ఖాళీ నేల ఎప్పుడూ లేదు.

నయా రాయపూర్: కనిపించని కుక్కలు

నయా రాయపూర్ రోడ్లు మీరు చూడాలి. వెడల్పుగా, నున్నగా, మైళ్లకొద్దీ పోతాయి. వాటి మీద మనుషులు మాత్రం ఉండరు. రోడ్లు వేసేసి, జనం వస్తారని ఎదురుచూస్తున్నట్టుంటుంది. ఆదివారం పొద్దున్న మా ఆటో ఒక్కటే పోతుంటే, పిన్ని సద్ది డబ్బా ఒళ్లో పెట్టుకుని, "ఇక్కడ ముగ్గేస్తే సాయంత్రం దాకా సెరగదు," అని అసూయపడింది.

మైదానంలో ముప్ఫై దాకా కుక్కలు. అక్కడ ఒక ఆచారం ఉంది, నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది. పోటీకి ముందు పది నిమిషాలు, కుక్కలను బయట వదిలేసి, మనుషులు మాత్రం లోపలికి వెళ్లి దారి గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు చూడాలి. పెద్దపెద్ద ఉద్యోగస్తులు, తల నెరిసినవాళ్లు, ఎవరూ లేని గాలికి చేయి చూపిస్తూ, "శభాష్" అని నేలకేసి చెబుతూ, వంగి సొరంగంలోంచి ఎవరో వస్తున్నట్టు ఎదురుచూస్తూ తిరుగుతుంటారు. ఒకరినొకరు పట్టించుకోరు. ఎండ ఇంకా లేతగా ఉంది. ముప్ఫై మంది, పక్కన ముప్ఫై కనిపించని కుక్కలు. ప్రతిసారీ నేనూ అలాగే పరుగెత్తేదాన్ని.

ఈసారి పద్నాలుగు అడ్డంకులూ కనిపించే చోటు వెతుక్కున్నాను. నడుమకి కొంచెం ఎడమగా, సొరంగం అడ్డురాని చోట దొరికింది. బూటుతో నేల మీద గీత గీసి దాని మీద నిలబడ్డాను. బిలాస్‌పూర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, లాబ్రడార్ తాలూకు, నా పక్కనుంచి గాలిని పరుగెత్తిస్తూ వెళ్లి, తిరిగొచ్చి, నేను ఇంకా అక్కడే ఉండటం చూసి, ఆరోగ్యం బాగుందా అని హిందీలో అడిగింది. బాగానే ఉందన్నాను. జడ్జీగారూ వచ్చారు. "ఆప్ దౌడేంగీ నహీఁ?" మీరు పరుగెత్తరా అని. "నహీఁ. సిర్ఫ్ యే దౌడేగీ," ఇదొక్కటే పరుగెడుతుందని, బయట ఉన్న గవ్వని చూపించి అన్నాను. ఆయన తల గోక్కుని, నిబంధనల కాగితం చూసి, పరుగెత్తి తీరాలని ఎక్కడా లేదన్నారు.

మా వంతు వచ్చింది. గవ్వని పరుగు మొదలయ్యే గీత దగ్గర కూర్చోబెట్టి, నా చోటికి నడిచి వెళ్లాను. అంత మెల్లగా నేను ఆ మైదానాల్లో ఎప్పుడూ నడవలేదు. గవ్వ చెవులు నిక్కించి చూస్తోంది. చేయి చాచాను.

మొదటి మూడూ నావైపు వస్తూ దాటింది. తర్వాత సొరంగం. లోపలికి దూరింది, గుడ్డ అలలుగా కదిలింది, అవతల బయటపడింది. కుడివైపు చూసింది. నేను ఎప్పుడూ ఉండే వైపు. అక్కడ నేను లేను. ఆగిపోయింది.

నా కాళ్లు కదలబోయాయి. మూడడుగుల్లో దాన్ని అందుకోగలను. కదల్లేదు. చేయి చాచి ఉంచాను, దించలేదు. ఎంతసేపో తెలియదు. గవ్వ మెల్లగా తల తిప్పింది, ఎడమకి, ఇంకా ఎడమకి, కళ్లతో నన్ను పట్టుకుంది, నా చేతిని చూసింది, ఇక పరుగెత్తింది.

ఇది ఎలా చెప్పాలో తెలియడం లేదు. నేల మీద దాని కాళ్లు ఆనుతున్నట్టు లేవు. గాల్లోకి లేచినప్పుడు కడుపు కింద తెల్లటి బొచ్చు మెరిసింది, చెవులు వెనక్కి పడుకున్నాయి. కర్రల మధ్య అల్లుకుంటూ పోతుంటే వెన్ను నీటిలా వంపులు తిరిగింది. ఊగే బల్ల చివర, అది కిందికి వాలేదాకా ఓపిగ్గా ఆగి, కంటి కొసతో నా చేయి కోసం చూసి, చూసిన క్షణమే ఎగిరింది. చివరి నాలుగూ నా నుంచి దూరంగా, మైదానం అంచున ఉన్న మోదుగ చెట్లవైపు. పన్నెండోదాని మీద వెనక కాలు తగిలి కర్ర పడింది. ఆగలేదు. పదమూడు, పద్నాలుగు, ముగింపు గీత అవతల ఎండలోకి.

తప్పు లేకుండా పూర్తిచేయడం ఈసారీ కాలేదు. బహుమతి లేదు. తిరిగొచ్చాక తీయించిన స్కాన్‌లో ఎముక మీద సన్నని గీత కనిపించింది, రెండు నెలలు కాలు కదపొద్దన్నారు, దిండు మీద కాలు పెట్టుకునే ఇది రాస్తున్నాను. ఆ ఉదయం మాత్రం నేను ఆ చోటే నిలబడిపోయి చెంపలు తుడుచుకుంటున్నాను. గవ్వ అంత దూరం నుంచి దూసుకొచ్చి నా కడుపు మీదికి దూకింది.

బిలాస్‌పూర్ అమ్మాయి నీళ్ల సీసాతో వచ్చింది. దానికి నీళ్లు తాగిస్తూ, ఎన్నాళ్లుగా దీంతో పరుగెడుతున్నారని అడిగింది.

"ఆరేళ్లు," అన్నాను. "కానీ ఇది పరుగెత్తడం నేను చూసింది ఇవాళే."